టర్బో బాగుచేయించాలా, 16 లక్షల లోనుతో కొత్త డీసీఎం కొనాలా?

ప్రశ్న: మాది పరకాల దగ్గర ఊరు. 2017 మోడల్ బీఎస్-4 డీసీఎం ఉంది. 3.8 లీటర్ల నాలుగు సిలిండర్ల టర్బో ఇంటర్‌కూలర్ ఇంజిన్, 3,40,000 కిలోమీటర్లు తిరిగింది. లోను తీరిపోయింది, నేనే నడుపుకుంటాను. పత్తి, మిర్చి సీజన్లు పోను మిగతా నెలల్లో బియ్యం, ఎరువుల కిరాయిలు. సగటున నెలకు 2,800 కిలోమీటర్లు. అన్ని ఖర్చులు పోగా 38,000 మిగిలేది. నాలుగు నెలలుగా నల్లపొగ, లోడుతో ఎక్కుడు ఎక్కడం లేదు, మైలేజీ ఏడున్నర నుంచి ఆరుకు పడింది. ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే టర్బో పోయిందన్నారు. కొత్తది 68,000, రిపేరు చేసింది 28,000. ఫుల్ ఇంజిన్ పని కూడా పడితే ఇంకో 1,65,000 అంటున్నారు. షోరూం వాళ్లు పాత బండికి 5,40,000 ఇస్తామంటున్నారు. కొత్త బీఎస్-6 బండి ఆన్ రోడ్ 21,40,000, మిగతా 16 లక్షలు ఐదేళ్ల లోను, వడ్డీ 10.5 శాతం. ఇన్సూరెన్స్ ఇప్పుడు ఏడాదికి 34,000, కొత్తదానికి 61,000. చేతిలో 2,20,000 ఎఫ్‌డీ, తొమ్మిది నెలలు కట్టిన 2 లక్షల చిట్టీ ఉన్నాయి. నెలకు 10,000 కడుతున్నాను, ఇప్పుడు ఎత్తితే 30,000 దాకా పోతుంది. ఏం చేయమంటారు?

జవాబు: ఈ నెలలో షోరూంలో సంతకం పెట్టకండి. టర్బో కూడా ఇవాళే కొనకండి. మీ నిర్ణయం టర్బో మీద కాదు, దాని కింద ఉన్న ఇంజిన్ బోరుకొచ్చిందా, అంటే సిలిండర్లు, పిస్టన్ రింగులు అరిగిపోయాయా లేదా అన్నదాని మీద ఉంది. అది ఎవరూ చూసినట్టు మీ ఉత్తరంలో లేదు. దాన్ని తేల్చుకోవడానికి మూడు నాలుగు వేలు, ఒక పూట చాలు.

మీరు చెప్పిన లక్షణాలు మూడు: నల్లపొగ, బలం లేకపోవడం, మైలేజీ పడిపోవడం. ఈ మూడూ ఒకే మాట చెబుతున్నాయి, పోసిన డీజిల్‌కు సరిపడా గాలి అందడం లేదు. 97 మిల్లీమీటర్ల బోరు, 128 మిల్లీమీటర్ల స్ట్రోకు ఉన్న నాలుగు సిలిండర్ల ఇంజిన్ 3,783 సీసీ అవుతుంది. 2,000 ఆర్పీఎం దగ్గర టర్బో లేకుండానే అది నిమిషానికి దాదాపు 3,800 లీటర్ల గాలి పీలుస్తుంది. టర్బో ఒక బార్ ఒత్తిడి ఇస్తే లోపలికి వెళ్లే గాలి బరువు దాదాపు రెట్టింపు. ఆ దారిలో ఎక్కడ చిల్లు పడినా, ఎక్కడ అడ్డం వచ్చినా పొగ నల్లగానే వస్తుంది. టర్బో మంచిగా ఉన్నా సరే.

అందుకే చూడటం చవకైన చోటి నుంచి మొదలుపెట్టండి. మొదట ఎయిర్ ఫిల్టర్. మిర్చి యార్డు దుమ్ము, జిన్నింగు మిల్లు దూది, రైస్ మిల్లు ఊక మధ్య తిరిగే బండికి కిలోమీటర్లు చూసి ఫిల్టర్ మార్చే లెక్క సరిపోదు. దాన్ని ఎయిర్ గన్‌తో బయటి నుంచి కొట్టి కాగితం చింపిన బళ్లు చాలా ఉంటాయి. ఫిల్టర్ తర్వాతి పైపులో వేలు పెట్టి తుడవండి. దుమ్ము అంటితే ఆ దుమ్మే టర్బోలో గాలి నెట్టే కంప్రెసర్ రెక్కల్నీ పిస్టన్ రింగుల్నీ తింటోందని అర్థం. తర్వాత టర్బో నుంచి, ఆ గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్‌కు, అక్కడి నుంచి ఇంజిన్‌కు వెళ్లే హోసులు. ఒకరు రేస్ చేస్తుంటే ఇంకొకరు సబ్బు నీళ్లు చల్లితే చీలిక దగ్గర బుడగలు లేస్తాయి. ఇంటర్‌కూలర్, రేడియేటర్ మధ్య సందులో దూది పేరుకుందేమో టార్చి వేసి చూడండి. పత్తి బళ్లలో ఇది మామూలే. కాలిన పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్ ఉంటే, అది మసి పట్టి తెరిచినట్టే ఇరుక్కుపోయినా ఆ పొగే ఎక్కువగా లోపలికి వెళ్తుంది, లక్షణాలన్నీ అవే.

ఇవన్నీ బాగుంటేనే టర్బో. ఇన్‌లెట్ పైపు విప్పి షాఫ్ట్‌ను వేళ్లతో పట్టుకుని చూడాలి. పక్కలకు కొంచెం కదలడం సహజం, ఎందుకంటే ఆ షాఫ్ట్ నిమిషానికి లక్షకు పైగా తిరుగుతూ ఆయిల్ పొర మీద తేలుతుంది. ముందుకూ వెనక్కూ చేతికి తెలిసేంత కదిలినా, రెక్క గోడకు తగిలి గీతలు పడినా అది అయిపోయినట్టే. హోసుల్లో ఆయిల్ తడి ఉన్నంత మాత్రాన టర్బో సీలు పోయిందనుకోవద్దు. టర్బో నుంచి ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే సంపుకు దిగే పైపు మూసుకుపోయినా, ఇంజిన్ లోపలి గ్యాసు ఎదురు తన్నినా ఆయిల్ దిగలేక సీలు దాటుతుంది.

ఆ ఎదురు తన్నడమే అసలు పరీక్ష. ఇంజిన్ వేడి మీద, ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు ఆయిల్ పోసే మూత తీసి అదే రంధ్రం మీద బోర్లించండి. మూత ఎగిరి పడుతుంటే, పొగ దబదబా వస్తుంటే రింగులు అరిగాయి. తర్వాత సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ టెస్టు చేయించి నాలుగు సిలిండర్ల అంకెలూ కాగితం మీద రాయించుకోండి. ఒకదానికీ ఇంకొకదానికీ 10 శాతం లోపు తేడా ఉండి, కంపెనీ చెప్పిన కనీస అంకె కన్నా అన్నీ పైన ఉంటే ఇంజిన్ ఇంకా పనికొస్తుంది. వీలైతే ఇంజెక్టర్ల రిటర్న్, అంటే వాటి నుంచి వెనక్కి వచ్చే డీజిల్ కూడా సీసాల్లో పట్టి కొలిపించండి. నాలుగు సీసాల్లో ఒకటి మిగతావాటి కన్నా త్వరగా నిండితే నల్లపొగలో ఆ ఇంజెక్టర్‌కూ వాటా ఉంది. రింగులు అరిగిన ఇంజిన్‌కు 68,000 పెట్టి కొత్త టర్బో బిగిస్తే కొన్నాళ్లకే మళ్లీ హోసుల్లో ఆయిల్ కనిపిస్తుంది, తప్పు టర్బో మీదకు పోతుంది.

ఇక డబ్బు. లీటరు డీజిల్ 96 రూపాయలు వేసుకుంటే, ఏడున్నర మైలేజీకి 2,800 కిలోమీటర్లకు 373 లీటర్లు, ఆరు మైలేజీకి 467 లీటర్లు. తేడా నెలకు దాదాపు 8,960. నాలుగు నెలలుగా పొగ గొట్టంలోంచి పోతున్నది ఈ డబ్బే. ఇంజిన్ బాగుంటే కొత్త టర్బోకు 68,000, దానితోపాటు ఆయిల్, ఫిల్టర్లు, హోసులు, ఇంటర్‌కూలర్ కడగడం కలిపి 14,000, మొత్తం 82,000. పదో నెలకల్లా డీజిల్‌లోనే తిరిగి వస్తుంది.

కొత్త బండి లెక్క చూడండి. 16 లక్షలకు 10.5 శాతం, 60 నెలలు అంటే కిస్తీ 34,390. మొత్తం కట్టేది 20,63,400, అందులో వడ్డీ 4,63,000 పైన. కొత్తదానికి మైలేజీ ఎనిమిదిన్నర వస్తుందనే అనుకుందాం. పాతది బాగుచేశాక వచ్చే ఏడున్నరతో పోలిస్తే నెలకు 44 లీటర్లు, 4,200 మిగులుతుంది. రిపేర్లలో ఇంకో 3,000 తగ్గుతుందనుకుందాం. అందులోంచి బీఎస్-6 బండిలో పొగ శుద్ధికి పోసే యూరియా ద్రావణం డెఫ్‌కు సుమారు 900, పెరిగిన ఇన్సూరెన్స్‌కు నెలకు 2,250 పోతాయి. చివరికి కొత్త బండి వల్ల మీకు ఆదా అయ్యేది నెలకు 4,050. కిస్తీలోంచి అది తీసేస్తే 30,340 కొత్త బరువు. 38,000లో ఇంటికి మిగిలేది 7,660. చిట్టీ కిస్తీ 10,000కే అది చాలదు. ఈ 30,340 పూడాలంటే ఖర్చులు పోను 2,500 మిగిలే ట్రిప్పులు నెలకు దాదాపు పన్నెండు అదనంగా దొరకాలి. సీజన్‌లో దొరుకుతాయేమో. జూన్, జులైలో ఎక్కడి నుంచి తెస్తారు? ఏడాది పొడుగునా లోడు ఇస్తానని రైస్ మిల్లో, ఎరువుల డీలరో కాగితం మీద ఒప్పుకుంటే అప్పుడు వేరే మాట.

షోరూంలో రెండు మాటలు వినిపిస్తాయి, రెండింటికీ లొంగకండి. ఒకటి, "ఆరున్నర శాతానికే ఇప్పిస్తాం." అది ఫ్లాట్ వడ్డీ, అంటే కడుతూ పోయినా మొదటి అసలు మొత్తం మీదే చివరిదాకా వేసేది. 16 లక్షలకు ఆరున్నర ఫ్లాట్ అంటే కిస్తీ 35,333, తగ్గే అసలు మీద లెక్కేస్తే అది దాదాపు 11.7 శాతం. మీకు చెప్పిన 10.5 కన్నా ఎక్కువే. ఎప్పుడూ శాతం అడగకండి, కిస్తీ ఎంత, ఎన్ని నెలలు అని అడగండి. రెండోది, "కొత్త బండికి తరుగుదల చూపి పన్ను మిగుల్చుకోవచ్చు." పది బళ్లకు మించి లేనివాళ్లకు పన్ను చట్టంలో అంచనా ఆదాయ పద్ధతి ఉంది, 44ఏఈ అని అందరికీ తెలిసినది. 12 టన్నుల లోపు బండికి నెలకు 7,500 చొప్పున, ఏడాదికి 90,000 ఆదాయంగా చూపితే చాలు. ఆ పద్ధతిలో తరుగుదల, వడ్డీ మళ్లీ విడిగా తీసుకునే వీలు లేదు. అంటే మీ విషయంలో పాత బండైనా కొత్త బండైనా పన్ను ఒకటే.

5,40,000 తక్కువ ఇస్తున్నారని మీకు బాధగా ఉండొచ్చు. 2025 సెప్టెంబర్ 22 నుంచి సరుకు బళ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కొత్తది చవకైతే పాతదాని ధర కూడా దిగుతుంది. పైగా నల్లపొగతో వచ్చిన బండికి ఎవరైనా ఇంజిన్ పని ఖర్చు తీసేసుకునే ధర చెబుతారు. అమ్మాలన్నా బాగుచేసి అమ్మడమే మేలు.

పరీక్షలో ఇంజిన్ బోరుకొచ్చిందని తేలితే ఖర్చు 82,000కు తోడు 1,65,000, మొత్తం 2,47,000. వినడానికి పెద్దదే గానీ కొత్త బండి కిస్తీలు ఏడింటికి కొంచెం పైన. చాసిస్, గేర్ బాక్సు, వెనక యాక్సిల్ హౌసింగ్ గట్టిగా ఉంటే నేను దీనికే మొగ్గుతాను. చాసిస్‌కు వెల్డింగులు పడి ఉన్నా, బ్లాక్ పగిలినా మాత్రం డబ్బు పెట్టకండి, ఉన్నది ఉన్నట్టు అమ్మేయండి.

డబ్బు ఎక్కడి నుంచి తేవాలి? టర్బో ఒక్కటే అయితే ఎఫ్‌డీలోంచి 82,000 తీయండి, మిగతా 1,38,000 కదపకండి. ఫుల్ ఇంజిన్ పని పడితే ఎఫ్‌డీ నుంచి 1,20,000, మిగిలిన 1,27,000 ఇంట్లో బంగారం ఉంటే దాని మీద బ్యాంకు లోను. ఏడాదిలో తీర్చేలా సీజన్ నెలల్లో ఎక్కువ, వానాకాలంలో తక్కువ కట్టండి. చిట్టీ ఎత్తొద్దు. 30,000 పోగొట్టుకుని 1,70,000 తీసుకోవడం బంగారం లోను వడ్డీ కన్నా ఖరీదు.

28,000 టర్బో గురించి. బేరింగు, సీలు మార్చి బ్యాలెన్సింగ్ చేయకుండా ఇచ్చేదైతే వద్దే వద్దు. లక్ష ఆర్పీఎం దగ్గర గ్రాము కన్నా తక్కువ తేడా కూడా కొత్త బేరింగును తినేస్తుంది. బ్యాలెన్సింగ్ రిపోర్టు, సీరియల్ నంబరు, జీఎస్టీ బిల్లు, కనీసం ఆరు నెలల గ్యారంటీ రాసిస్తేనే ఆలోచించండి. నా మొగ్గు కొత్తదానికే.

బిగించే రోజు మీరు షెడ్డులోనే ఉండండి. పాత టర్బో ఎందుకు పోయిందో తేల్చకుండా కొత్తది బిగించనివ్వకండి. ఆయిల్ వచ్చే సన్న పైపు లోపల మాడిన ఆయిల్ గట్టిపడి ఉంటుంది, దాన్ని కడగడం కన్నా మార్చడమే మంచిది. ఆయిల్ ఫ్లాంజులకు గ్యాస్కెట్ తప్ప పేస్టు పూయొద్దు, పిండుకుని లోపలికి వెళ్లిన పేస్టు ముక్క ఆయిల్ దారి మూసేస్తుంది. ఇంటర్‌కూలర్ దించి కడిగి ఆరబెట్టాలి. అందులో నిలిచిన ఆయిల్‌ను ఇంజిన్ ఒక్కసారిగా తాగితే, తాళం తిప్పినా ఆగకుండా రేస్ అయిపోతుంది. కొత్త టర్బో ఆయిల్ రంధ్రంలో ముందు కాస్త ఆయిల్ పోసి షాఫ్ట్‌ను చేత్తో తిప్పాలి, ఇంజిన్ అందుకోకుండా స్టార్టర్ కొట్టి ప్రెజర్ రానివ్వాలి, ఆ తర్వాత నాలుగైదు నిమిషాలు రేస్ చేయకుండా ఐడ్లింగ్‌లో ఉంచాలి. రోజూ నడిపేటప్పుడు కూడా ఎనుమాముల మార్కెట్ యార్డు గేటు దగ్గరికి లోడుతో వచ్చిన వెంటనే తాళం తీయకండి. రెండు నిమిషాలు ఆగండి. లేకపోతే వేడి టర్బోలో నిలిచిన ఆయిల్ అక్కడే మాడిపోతుంది.

మీ బండికి ఎనిమిదేళ్లు దాటాయి కాబట్టి ఫిట్‌నెస్ ఇక ఏటా చేయించాలి. నల్లపొగతో అది కష్టం, ఎఫ్‌సీ తేదీకి నెల ముందే ఈ పని పెట్టుకోండి. పని అయ్యాక కిలోమీటరుకు రూపాయిన్నర చొప్పున పక్కన పెట్టండి. నెలకు 4,200 ఆర్డీ వేస్తే ఏడాదికి 50,400, వడ్డీ వేరే.

కంప్రెషన్ టెస్టులో అంకెల తేడా 10, 15 శాతం మధ్య వస్తే వెంటనే ఇంజిన్ విప్పించొద్దు. వాల్వ్ క్లియరెన్స్ పెట్టించి వేడి మీద ఇంకోసారి కొలిపించండి. రెండోసారీ అదే సిలిండర్ తగ్గితే, ఫుల్ ఇంజిన్ పనికి ఒప్పుకునే ముందు రెండో షెడ్డులో కొటేషన్ తీసుకోండి. అందులో క్రాంక్ గ్రైండింగ్, హెడ్ పని కలిసి ఉన్నాయో లేదో రాయించుకోండి. "ఫుల్ ఇంజిన్" అన్న మాటకు ఒక్కో షెడ్డులో ఒక్కో అర్థం ఉంటుంది.