జాలి ఎందుకు రావడం లేదు?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. ఫార్మసిస్టును. ఈ అంటువ్యాధి మొదలయ్యాక రోజుకు పన్నెండు గంటలు నిలబడే పనిచేస్తున్నాను. స్టాకు లేదంటే జనం నా మీద అరుస్తున్నారు. మొన్న ఒకావిడ కౌంటర్ దగ్గర ఏడిస్తే జాలి వేయలేదు, ‘తర్వాత ఎవరండీ?’ అని పిలిచాను. నిన్న షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ బదులు మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ తీసి, బిల్లు వేసేటప్పుడు చూసుకున్నాను. ఇంట్లో మావారిని ఊరికే కసురుతున్నాను. నేను చెడ్డదాన్నయిపోయానా? ఉద్యోగం మానేయనా?

జవాబు: ఆవిడ ఏడుపు మీకింకా గుర్తుంది కదా. మీది రాతిగుండేమీ కాదు.

మీరు చెప్పేది బర్న్‌అవుట్‌లా ఉంది. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని వివరిస్తూ మూడు లక్షణాలు చెప్పింది. ఒంట్లో సత్తువ ఉడిగిపోవడం, పని మీద విరక్తి, ఎంత చేసినా ఏమీ చేయలేదనిపించడం. జాలి రాకపోవడం ఆ విరక్తిలో భాగమే. దీన్ని జబ్బుల్లో చేర్చలేదు, పనిచోట ఎడతెగని ఒత్తిడి వల్ల వచ్చేదన్నారు. అందుకే మిమ్మల్ని ధ్యానం చేయమని పంపేయలేను. డాక్టర్ దొరకనప్పుడు జనం నేరుగా వచ్చేది మీ దగ్గరికే, వాళ్ల భయమంతా కోపమై పడేదీ మీ మీదే. 2020లో కరోనాకు పనిచేస్తుందనుకుని హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మలేరియా మందు కోసం జనం ఎగబడ్డప్పుడు, లూపస్‌కు, అంటే రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే దాడి చేసే జబ్బుకు, దాన్ని రోజూ వాడేవాళ్లకు దొరకడం కష్టమైంది. ఆ కొరత ఫార్మసిస్టులు తెచ్చింది కాదు, ‘లేదు’ అని చెప్పాల్సింది మాత్రం వాళ్లే.

ఉద్యోగం సంగతి ఇప్పుడే తేల్చకండి. ముందు నిన్నటి పొరపాటు యజమానికి చెప్పండి. దాచేయాలనిపిస్తుంది, తెలుసు. కానీ ‘అలసిపోయాను’ అంటే ‘అందరం అలసిపోయాం’ అంటారు. ‘షుగర్ మాత్ర బదులు ఇంకో మందు ఇవ్వబోయాను’ అంటే వినక తప్పదు. ఆ రెండు డబ్బాలూ వేర్వేరు అరల్లో పెట్టించండి. మందు చేతికిచ్చే ముందు ఇంకొకరు చూసే ఏర్పాటు అడగండి. పని గంటలు తగ్గించమనండి. మధ్యాహ్నం అరగంట కూర్చుని తినాలి, ఆ అరగంట ఫోన్ కూడా ఎత్తకూడదు.

ఏడ్చినావిడ సంగతి మీవారికి చెప్పారా? ఉత్తరంలో ఆ మాట లేదు. చెప్పకపోతే మీ విసుగంతా తన మీదేననుకుంటారు. ఇంటికి రాగానే కాసేపు నన్నేమీ అడగొద్దని కూడా ముందే చెప్పుకోండి.

బతకాలనిపించకపోతే మాత్రం ఆ రోజే మానసిక వైద్యులను కలవండి.

పని వేళలు మారి, కొన్నాళ్లు సరిగ్గా నిద్రపోయాక కూడా పొద్దున్నే షట్టర్ ఎత్తాలంటే కడుపులో దేవినట్టుంటే, మళ్లీ రాయండి. అప్పుడు మానేసే సంగతి మాట్లాడుకుందాం.