నీ బరువుకు ఎన్ని లీటర్ల బోర్డు? మేనల్లుడికి మామయ్య లేఖ

తిరుపతి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

చెన్నైలో ఎవరో 115 లీటర్ల విండ్‌సర్ఫింగ్ బోర్డును, అంటే మనిషి నిలబడి తెరచాప పట్టుకుని గాలితో నీటి మీద నడిపే పలకను, చవకగా అమ్ముతున్నారనీ, నీ బరువు 84 కిలోలే కనుక అది నిన్ను ధారాళంగా మోస్తుందనీ, సెలవులకు మీ చెల్లెలు వచ్చినప్పుడు తాను కూడా దానిమీదే నేర్చుకుంటుందనీ రాశావు. డబ్బు చేతులు మారకముందే అడిగావు, సంతోషం. ఆ బోర్డు మీ ఇద్దరిలో ఒకరికి బాగానే సరిపోతుంది; అయితే ఆ ఒకరు నువ్వు కాదు. నౌకాదళంలో పనిచేసిన కాలంలో విశాఖ తీరంలో ఈ ఆట నేర్చుకుని, ఆ తర్వాత చాలామంది కుర్రవాళ్ళకు నేర్పినవాణ్ణి కాబట్టి, నా మాటను ఊరికే నమ్మమనకుండా లెక్కతో సహా చెబుతాను.

బోర్డు మీద రాసి ఉండే లీటర్లు, ఆ బోర్డును పూర్తిగా ముంచితే అది ఎంత నీటిని పక్కకు తోస్తుందో చెప్పే కొలత. తోసిన నీరు ఎంత తూగుతుందో, బోర్డుకు పైకి మోసే బలం అంతే ఉంటుంది. మంచినీరు లీటరుకు ఒక కిలో తూగితే, ఉప్పు కలిసిన సముద్రపు నీరు సుమారు 1.025 కిలోలు తూగుతుంది. తిరుమలలో తులాభారం చూసినవాడివే కదా. ఒక తట్టలో మనిషి, రెండో తట్టలో చక్కెరో బెల్లమో నాణేలో పెడతారు. ఇక్కడ రెండో తట్టలో ఉండేది నీరు. నువ్వు రాసిన లెక్కలో రెండో తట్టను సరిగానే చూశావు గాని, మొదటి తట్టలో నువ్వు ఒక్కడివే కూర్చున్నావు. నిజానికి నీతోపాటు చాలా సామాను ఎక్కుతుంది.

ముందుగా నీ ఒంటి మీద ఉండేవి చూడు. తడిసిన బట్టలు, లైఫ్‌జాకెట్, చాప లాగుడును నడుముకు తగిలించుకునే పట్టీ అయిన హార్నెస్ కలిపి ఒక మూడు కిలోలు వేసుకో. ఆ తర్వాత తెరచాప, దాన్ని నిలబెట్టే స్తంభమైన మాస్ట్, చేత్తో పట్టుకునే అడ్డకర్ర అయిన బూమ్, మాస్ట్‌ను బోర్డుకు బిగించే అడుగు భాగం, వీటన్నిటినీ కలిపి రిగ్ అంటాము. మధ్యస్థమైన తెరచాప అయితే తొమ్మిది కిలోలకు అటూ ఇటూ తూగుతుంది. బోర్డు సొంత బరువును మాత్రం అందరూ మరిచిపోతారు. 115 లీటర్ల ఫైబర్ బోర్డు ఎనిమిది కిలోల వరకు ఉంటుంది. మొత్తం కూడితే 84, 3, 9, 8 కలిపి 104 కిలోలు. సముద్రపు నీటిలో 115 లీటర్ల బోర్డు పూర్తిగా మునిగినప్పుడు మోయగలిగేది సుమారు 118 కిలోలు. మిగులు 14 కిలోలు. ధారాళమని నువ్వు అనుకున్నది ఈ పద్నాలుగు కిలోలనే.

మిగులు ఉంది కదా, మునగదు కదా అని నువ్వు అడగవచ్చు. మునగదు, నిజమే, కాని విండ్‌సర్ఫింగ్ నేర్చుకునేవాడు కదలకుండా నిలబడి ఉండే మనిషి కాదు. మొదటి రోజుల్లో నీ పని అంతా నీళ్ళలో పడుకున్న తెరచాపను, బోర్డు మీద నిలబడి, అప్‌హాల్ తాడుతో పైకి లాగడమే. ఆ చాప మీద నీరు నిండి ఉంటుంది కాబట్టి లాగుతున్న కాసేపు దాని భారం తన సొంత బరువుకన్నా ఎక్కువగా ఉంటుంది, ఆ భారమంతా నీ పాదాల గుండా బోర్డు మీదికే దిగుతుంది. మిగులు తక్కువగా ఉన్న బోర్డు పైభాగం అప్పటికే నీటిమట్టానికి దగ్గరగా ఉంటుంది. నువ్వు ఒక అడుగు వెనక్కు వేస్తే తోక మునుగుతుంది, ముందుకు వేస్తే ముక్కు మునుగుతుంది, చిన్న అల వస్తే పక్కకు ఒరుగుతుంది. అనుభవం ఉన్నవాడు మాస్ట్ మొదట్లో పాదాలు పెట్టి, ఊపిరి బిగబట్టి, ఆ పద్నాలుగు కిలోలతోనే నెట్టుకొస్తాడు. నువ్వు మాత్రం రోజంతా నీళ్ళలోనే గడిపి, సాయంత్రానికి ఈ ఆట నీకు రాదని తేల్చేస్తావు, తప్పు బోర్డు లెక్కలో ఉన్నప్పటికీ.

అందువల్ల నేర్చుకునేవారికి నేను చెప్పే లెక్క ఇది: శరీర బరువుకు కనీసం 70 నుంచి 80 లీటర్లు కలుపు. ఈ కలిపేదానిలోనే బట్టలూ, రిగ్గూ, బోర్డు బరువూ ఇమిడిపోయి, ఆపైన కాళ్ళు కదిలించుకునేంత మిగులు ఉంటుంది. నీకు ఇది 160 లీటర్ల దగ్గర తేలుతుంది. నేర్చుకునేవారి బోర్డులు మొరటుగా చేసినవి కనుక దాని బరువు పన్నెండు కిలోలు అనుకుందాం. 84, 3, 9, 12 కలిపితే 108. సముద్రంలో అది మోసేది 164. మిగులు 56 కిలోలు. ఇప్పుడు నువ్వు అటూ ఇటూ నడిచినా, చాప లాగేటప్పుడు ఎగిరి కాలు వేసినా, బోర్డు పట్టించుకోదు. అటువంటి బోర్డుకు మధ్యలో డాగర్‌బోర్డు, అంటే అడుగున నీళ్ళలోకి దించే పలక, కూడా ఉంటే మరీ మంచిది, ఎందుకంటే గాలి పక్కకు తోస్తున్నప్పుడు అది జారకుండా ఆపి, బయలుదేరిన చోటికి తిరిగి రావడానికి సాయపడుతుంది.

లీటర్ల దగ్గరే ఆగిపోవద్దు, వెడల్పు అడుగు. లీటర్లు నిన్ను తేలుస్తాయి, పక్కకు ఒరగకుండా నిలిపేది ముఖ్యంగా వెడల్పు. పొడవు సమానమైతే ఆ నిలిపే బలం వెడల్పు ఘనం లెక్కన, అంటే వెడల్పును వెడల్పుతో, మళ్ళీ వెడల్పుతో గుణించినట్టుగా పెరుగుతుంది; అంటే 70 సెంటీమీటర్ల బోర్డుకు బదులు 84 సెంటీమీటర్ల బోర్డు తీసుకుంటే వెడల్పు ఐదో వంతే పెరిగినా, నిలకడ ఒకటిన్నర రెట్లకు మించి పెరుగుతుంది. 115 లీటర్ల బోర్డులు చాలావరకు 70 సెంటీమీటర్ల దగ్గర ఉంటాయి, 160 లీటర్లవి 80 దాటి ఉంటాయి. పాత బోర్డుల విషయంలో ఈ ప్రశ్న మరింత అవసరం. 1970లో అమెరికాలో హోయిల్ ష్వైట్జర్, జిమ్ డ్రేక్‌లకు పేటెంటు వచ్చిన తొలి విండ్‌సర్ఫర్ మూడున్నర మీటర్లకు పైగా పొడవు ఉండి, వెడల్పు తక్కువగా ఉండేది. ఇప్పటివి చాలావరకు రెండున్నర మీటర్లకు లోపలే ఉండి వెడల్పుగా వస్తాయి. లీటర్లు ఒకటే అయినా ఆ రెండూ కాలి కింద ఒకేలా ఉండవు. వెడల్పు బోర్డు పిల్లలదని స్నేహితులు నవ్వితే, 2024 ఒలింపిక్స్‌లో పోటీపడిన వారి బోర్డు 95 సెంటీమీటర్ల వెడల్పు ఉందని చెప్పు. అది అడుగున నీళ్ళలో రెక్కలా ఉండే ఫాయిల్ మీద నీటి పైకి లేచి పరుగెత్తే బోర్డు, అక్కడ వెడల్పు చేసే పని వేరు. ఆ సంగతి వాళ్ళకు చెప్పనక్కరలేదు.

మరి చిన్న బోర్డులు ఎందుకున్నాయని అడుగుతావు. గాలి తగినంత ఉండి వేగం పెరిగినప్పుడు బోర్డు నీటిని తోసుకుంటూ పోవడం మాని, నీటి పైభాగం మీద జారుకుంటూ పోతుంది. దీన్నే ప్లేనింగ్ అంటారు. సుమారు 12 నాట్ల గాలి నుంచి, అంటే గంటకు 22 కిలోమీటర్ల నుంచి, తగిన చాపతో ఇది సాధ్యమవుతుంది. ఆ స్థితిలో మనిషిని మోసేది అడుగున కొట్టుకునే నీటి వేగమే గాని లీటర్లు కావు. అప్పుడు పెద్ద బోర్డు పెద్ద ఇబ్బంది. ముక్కు కిందికి గాలి దూరి పైకి లేస్తుంది, అలల మీద దడదడమని కొట్టుకుంటుంది, మడమతో నొక్కి తిప్పాలంటే లొంగదు. కాబట్టి హార్నెస్ వాడటం, ఫుట్‌స్ట్రాపుల్లో కాళ్ళు పెట్టడం వచ్చాక బరువుకు 40 నుంచి 45 లీటర్లు కలిపితే చాలు. నీకైతే 125, 130. ఆపైన వాటర్‌స్టార్ట్, అంటే నీళ్ళలో ఉండగానే గాలి పట్టిన చాప నిన్ను లేపి బోర్డు మీద నిలబెట్టే పద్ధతి, ఏ ప్రయత్నమూ లేకుండా వచ్చిన తర్వాత 20, 30 లీటర్ల తేడాకు దిగవచ్చు. అలల మీద ఆడేవారు తమ బరువుకు సమానమైన లీటర్లతోనూ, కొందరు ఇంకా తక్కువతోనూ వెళతారు; వారి బోర్డు ఆగితే మునుగుతుంది, అందుకే వారు ఆగరు. నువ్వు కోరుకుంటున్న 115 ఈ వరుసలో మూడో మెట్టు మీద ఉంది.

ఇక మీ చెల్లెలి సంగతి. ఆమె 52 కిలోలని రాశావు. బట్టలూ జాకెట్టూ రెండు కిలోలు, ఆమెకు తగిన చిన్న రిగ్ ఎనిమిది, బోర్డు ఎనిమిది, మొత్తం 70. అదే 118లో తీసివేస్తే మిగులు 48 కిలోలు. నీకు పద్నాలుగు మిగిల్చిన బోర్డు ఆమెకు నలభై ఎనిమిది మిగులుస్తున్నది! నా లెక్క ప్రకారం ఆమెకు కనీసం 122 లీటర్లు కావాలి, ఇది ఏడు లీటర్లు తక్కువే; మొదటి పాఠాలకు ఇంకొంచెం వెడల్పు కూడా ఉంటే బాగుండేది గాని, ప్రశాంతమైన నీటిలో ఆమె దీని మీద నిలబడుతుంది, చాప లాగుతుంది, రెండో మెట్టు దాకా మార్చవలసిన అవసరం కూడా రాదు. అందువల్ల ధర నిజంగా చవకైతే ఆ బోర్డును ఆమె పేరు మీద కొను. నీ చేయి తిరిగిన తర్వాత ఆమెను అడిగి తీసుకుందువు. ఇస్తుందో ఇవ్వదో మీ అన్నాచెల్లెళ్ళ వ్యవహారం. ఇద్దరికీ ఒకే బోర్డు అని పట్టుబడితే మాత్రం బరువైనవారి లెక్కనే పాటించాలి. ఆమె బరువు తక్కువ కావడం వల్ల 160 లీటర్ల బోర్డు ఆమె కింద మొండిగా తిరుగుతుంది, ఇసుకలో మోసుకెళ్ళడం కష్టం, గాలి పెరిగితే ఆమె మాట వినదు. అయినా నెమ్మది గాలిలో నేర్చుకోవడానికి ప్రమాదం లేదు. తక్కువ లీటర్ల మీద నువ్వు ఉండటం కంటే ఎక్కువ లీటర్ల మీద ఆమె ఉండటమే మేలు.

తయారీదారుల పట్టికలు చూసేటప్పుడు ఒకటి గుర్తుంచుకో: వాటిలో చాలావరకు సుమారు 75 కిలోల మనిషిని దృష్టిలో పెట్టుకుని రాసినవే. నువ్వు ఆ మనిషికన్నా బరువు, ఆమె చాలా తేలిక. ఎదురుగా ఉన్న అంకెను ఉన్నదున్నట్టు తీసుకుంటే ఇద్దరూ చెరోవైపు తప్పుతారు.

గాలి విషయం కూడా లీటర్లతో ముడిపడినదే. మీ వైపు తీరం తూర్పు ముఖంగా ఉంది. వేసవిలో, నైరుతి కాలంలో ఉదయం గాలి తరచు నేల మీదుగా పడమటి నుంచి సముద్రంలోకి వీస్తుంది. మధ్యాహ్నానికి తిరిగి, సముద్రపు గాలి ఒడ్డు వైపు వస్తుంది. నేల గాలి ఉండగా దిగవద్దు, ఎందుకంటే అది ఒడ్డు దగ్గర మంచిగానే కనిపించి నిన్ను లోపలికి తీసుకుపోతుంది. సముద్రపు గాలిలో దిగినా, అది ఉన్నట్టుండి పడిపోయే రోజులుంటాయి. అప్పుడు నువ్వు ప్లేనింగ్‌లో ఉండవు, నీ కింద లీటర్లు మాత్రమే ఉంటాయి. మిగులు ఉన్న బోర్డు అయితే చాపను దాని మీద అడ్డంగా వేసుకుని, పడుకుని చేతులతో తెడ్డు వేసుకుంటూ ఒడ్డు చేరతావు. పద్నాలుగు కిలోల మిగులుతో ఆ ప్రయాణం చాలా పొడవుగా అనిపిస్తుంది. బోర్డును ఎంచుకునేటప్పుడు గాలి బాగున్న గంటను కాకుండా, గాలి పోయిన గంటను ఊహించుకో.

ఊరికి తెచ్చి కళ్యాణి డ్యామ్‌లో సాధన చేద్దామన్న నీ ఆలోచన మానుకో. అది తాగునీటి జలాశయం. పులికాట్ కూడా వద్దు; లోతు తక్కువ కాబట్టి బోర్డు అడుగున తోక దగ్గర ఉండే ఫిన్ నేలకు తగులుతుంది, పైగా అది పక్షుల అభయారణ్యం. చెన్నైకి దక్షిణాన ఉన్న కోవళం వైపు నేర్పేవారు ఉన్నచోట మొదలుపెట్టు, మొదట వారి బోర్డులే అద్దెకు తీసుకో. 160 లీటర్ల మీద ఒక గంట, వీలైతే 130 మీద ఒక గంట నిలబడి చూస్తే నేను రాసిన మిగులు అంటే ఏమిటో నీ పాదాలకే తెలుస్తుంది.

పాత బోర్డు కొనేముందు చేయవలసిన పని ఒకటుంది. ఇంట్లో బరువు చూసుకునే యంత్రం తీసుకెళ్ళి, ముందు నువ్వు ఒక్కడివే ఎక్కి, తర్వాత బోర్డును ఎత్తుకుని ఎక్కి, తేడా రాసుకో. ఆ మోడల్‌కు తయారీదారు చెప్పిన బరువు కంటే రెండు మూడు కిలోలు ఎక్కువ వస్తే లోపల నీరు చేరి ఉండవచ్చు. బయటి లీటర్లు మారవు, కాని ఆ నీటి బరువంతా మిగులు లోంచే పోతుంది. మాస్ట్ బిగించే గాడి చుట్టూ, మడమలు ఆనే చోట, బొటనవేలితో గట్టిగా నొక్కు. మెత్తగా దిగితే వదిలేయి. గాలి వదిలే స్క్రూ ఉందా, దాని రబ్బరు రింగు పగలకుండా ఉందా అన్నది కూడా చూడు.

అమ్మేవారిని బోర్డు వెడల్పు, బరువు, తయారైన సంవత్సరం అడిగి నాకు రాయి. మీ చెల్లెలికి తగినదో కాదో ఆ మూడు అంకెలు చూసి చెబుతాను. నీ కోసం 160కి దగ్గరగా ఏదైనా దొరికితే దాని వివరాలు కూడా పంపు. అమ్మకు నా మాటగా చెప్పు, ఇద్దరూ లైఫ్‌జాకెట్ లేకుండా దిగరని.

ఇట్లు
మీ మామయ్య