మడమ నుంచి గోటికి

ప్రశ్న: పిల్లి గోటిని ఇంగ్లీషులో 'క్లా' అంటూ, గద్ద గోటిని మాత్రం 'ట్యాలన్' అంటారెందుకు? ఆ మాట ఎలా పుట్టింది? పులి గోటికి దాన్ని వాడవచ్చునా?

జవాబు: 'క్లా' ప్రాచీన ఇంగ్లీషు నాటి మాట, పిల్లికి, ఎలుగుబంటికి, కోడికి, చివరికి పీత ముందరి కాళ్లకు కూడా చెల్లుతుంది. 'ట్యాలన్' ఫ్రెంచి నుంచి వచ్చింది, దాని అసలు అర్థం గోరు కానే కాదు, మడమ. ఫ్రెంచివారు నేటికీ మడమను, ఎత్తు చెప్పుల మడమను ఆ మాటతోనే పిలుస్తారు. దానికి మూలం చీలమండ అనే అర్థమున్న లాటిన్ 'టాలస్'. వైద్యులు చీలమండలోని ఒక ఎముకను ఇప్పటికీ టాలస్ అనే అంటారు.

మడమ గోరుగా మారడం ఇంగ్లీషులోనే జరిగింది. డేగ పాదాన్ని గమనిస్తే అందులోని తర్కం తెలుస్తుంది. మూడు వేళ్లు ముందుకు, ఒకటి వెనక్కు ఉంటాయి. మన మడమ ఉండే చోట ఉన్న ఆ వెనుక వేలి గోరే సాధారణంగా అన్నింటికన్నా పెద్దది, ముందరి వేళ్లు ఎరను బిగించి పట్టినప్పుడు ఎదురుగా వచ్చి లోతుగా దిగబడేదీ అదే. డేగలతో వేటాడించే మధ్యయుగపు ఇంగ్లండులో ఈ వెనుక గోటిని ట్యాలన్ అనీ, ముందరి గోళ్లను 'పౌన్స్' అనీ వేరుచేసి చెప్పేవారు. పోనుపోను ఆ భేదం చెరిగిపోయి ట్యాలన్ అన్ని గోళ్లకూ పేరైంది. పౌన్స్ మాత్రం గోటి అర్థాన్ని దాదాపు వదులుకుని, 'మీదికి దూకు' అనే క్రియగా బతికింది. నా దృష్టిలో ట్యాలన్ కథ కన్నా ఇదే ఎక్కువ ముచ్చటైనది. గద్ద కోడిపిల్లను 'తన్నుకుపోయింది' అనే మనమూ ముక్కును కాక కాలినే పట్టించుకున్నాం.

'ట్యాలెంట్'కు దీనితో చుట్టరికం లేదు. అది తూకాన్ని, దాని విలువకు సరిపడే సొమ్మును సూచించే గ్రీకు మాట నుంచి వచ్చింది.

ఇక పులి సంగతి. 1400 ప్రాంతపు ఇంగ్లీషులో మృగాల గోళ్లకు కూడా ట్యాలన్ అన్న సందర్భాలున్నాయి కనుక అది పూర్తిగా తప్పనలేం గాని, నేటి వాడుకలో ఆ మాట గద్ద, డేగ, గుడ్లగూబ వంటి వేటపక్షులకే పరిమితం. పులికి 'క్లా' అని రాయడమే ఉచితం.