కాకిలెక్కలు కావు గానీ, అందులో నా చేతిరాత కూడా ఉంది

మీరు అడిగింది ఇదీ: "జనాభా వయసులు, మైనర్ల నేరాలు, ఆరోగ్యం మీద ప్రభుత్వ ఖర్చు, ఈ మూడింటి మీదా సర్కారు వేసే లెక్కలు నమ్మొచ్చా? లేక అన్నీ కాకిలెక్కలేనా?"

నేను రిటైరైన పంతుల్ని. 1991, 2001, 2011 మూడు జనగణనల్లోనూ ఎన్యూమరేటర్‌గా ఇల్లిల్లూ తిరిగాను. అంచేత ఆ తప్పుల్లో నా వాటా ఎంతో కూడా కొంచెం తెలుసు.

2011లో ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా లెక్కింపు. నాకు దివిసీమలో నూట ఇరవై ఇళ్లు పడ్డాయి. పేరు, చదువు, పని... అన్నీ టకటకా అయిపోయేవి. వయసు దగ్గరే బండి ఆగేది. ఒకావిడ చేటలో మినుములు చెరుగుతూ, తలెత్తకుండానే "అరవై రాసెయ్యండి పంతులుగారూ" అంది. మనిషిని చూస్తే అరవై అనిపించలేదు.

"ఉప్పెనప్పుడు నీకెంత వయసమ్మా?"

"ఏమో. పెద్దోడికి మూడేళ్లు. చిన్నది కడుపులో ఉంది."

"పెళ్లినాటికి?"

"పదిహేను. ఏడాదిన్నరకి పెద్దోడు పుట్టాడు."

మా సీమలో ఉప్పెన అంటే 1977 నవంబరే, వేరే చెప్పక్కర్లేదు. పెద్దోడు పుట్టింది 74లో, అప్పటికి తల్లికి పదహారున్నర. వేళ్ల మీద లెక్కేస్తే యాభై మూడు తేలింది. అదే రాశాను. ఊళ్లో అందరికీ తెలిసిన సంఘటన పట్టుకుని వయసు రాబట్టమని మాకు ట్రైనింగులో కూడా చెప్పారు. అరవై ఎందుకు రాయమందో వెళ్లేటప్పుడు బయటపడింది, "పింఛనుకి పనికొస్తుందని". జనగణన చట్టం ప్రకారం ఆ కాగితాలు ఎవరూ చూడటానికి గానీ, సాక్ష్యంగా పెట్టటానికి గానీ వీల్లేదని చెప్పాను. నమ్మినట్టు లేదు.

ఆ పక్కింటికి వెళ్లేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. ఇంటాయన "యాభై" అన్నాడు. ఆకలి దంచేస్తోంది. యాభై అనే రాసేశాను.

దేశం మొత్తం మీద ఇలా ఎన్ని యాభైలు పడి ఉంటాయో చూడాలంటే జనగణన పట్టికల్లో సీ-13 అని ఒకటి ఉంటుంది, ఒక్కో ఏడాది వయసుకి ఎంతమందో చూపేది. దాన్ని గ్రాఫు గీస్తే 30, 35, 40, 45, 50 దగ్గర గాలిగోపురాలు లేస్తాయి. 49, 51 దగ్గర గోతులు. చివర సున్నా, అయిదు ఉన్న వయసులు జనానికి ఎంత ఇష్టమో కొలవటానికి విపిల్ సూచీ అని ఒకటుంది. ఆ ఇష్టం అసలు లేకపోతే 100, అందరూ సున్నాలూ అయిదులే చెబితే 500. జనాభా శాస్త్రవేత్తలకి ఇదంతా తెలిసిందే కాబట్టి అయిదేళ్ల గుంపులుగా చూస్తారు, ఎగుడుదిగుళ్లు సర్దుతారు. అందుకని 121 కోట్ల మొత్తాన్ని, అందులో అరవై దాటినవాళ్లు 10 కోట్ల పైచిలుకు అన్న మాటని నేను నమ్ముతాను. "మన దేశంలో సరిగ్గా 47 ఏళ్లవాళ్లు ఇంతమంది" అని ఎవరైనా అంటే మాత్రం నవ్వుకుంటాను.

చిక్కేమిటంటే ఆ 2011 లెక్కే ఇప్పటికీ ఆధారం. 2021లో జరగాల్సింది జరగలేదు. కాబట్టి "లక్ష మందికి ఇంత", "తలసరి ఇంత" అని మీరు చదివే ప్రతి లెక్కలోనూ హారం 2011 నుంచి సాగదీసిన అంచనాయే. ఆ ఒంటిగంట యాభై కూడా అందులో ఎక్కడో ఉంది.

ఇక మైనర్ల నేరాలు. జాతీయ నేర రికార్డుల బ్యూరో 2022కి ఇచ్చిన సంఖ్య 30,555 కేసులు, అంటే లక్ష మంది పిల్లలకి 6.9. పట్టుబడినవాళ్లలో నాలుగింట మూడొంతుల పైన 16 నుంచి 18 ఏళ్ల మధ్యవాళ్లే. ఆ 18 ఎవరు తేలుస్తారు? ఒక్కోసారి నాలాంటి హెడ్మాస్టరు.

2016లో మా బడి పాత అడ్మిషన్ రిజిస్టరు తెమ్మని బాలల న్యాయ మండలి నుంచి కబురొచ్చింది. మార్చి నెలాఖరులో ఒక బండి దొంగతనం, అందులో మా దగ్గర చదివిన కుర్రాడొకడు, వాడితోపాటు ఇరవై రెండేళ్ల వాడొకడు. మా రిజిస్టర్లో కుర్రాడి పుట్టినతేదీ 1998 జూన్ 1. అంటే నేరం నాటికి పదిహేడేళ్ల పది నెలలు. బయట చెట్టు కింద వాళ్లమ్మ నాతో అంది: "ఆ ఏడు సంక్రాంతి నాడు పుట్టాడండీ, భోగిమంటల పొద్దున నొప్పులొచ్చాయి." అంటే పద్దెనిమిది దాటి రెండు నెలలు! మా తరం పంతుళ్ల పద్ధతి తెలుసు కదా. బడిలో చేర్చుకునేటప్పుడు తేదీ తెలియకపోతే జూన్ 1 అనో జూలై 1 అనో పడేసేవాళ్లం. ఆ రిజిస్టర్లో ఆ పేజీ తిరగేస్తే సగం క్లాసు ఒకే రోజు పుట్టింది. 2015 బాలల న్యాయ చట్టం 94వ సెక్షన్ ప్రకారం ముందు చూసేది బడి సర్టిఫికెట్ లేదా పదో తరగతి సర్టిఫికెట్. అవి లేకపోతే మున్సిపాలిటీ, పంచాయతీ జనన పత్రం. అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. వాడు మైనర్‌గానే లెక్కలోకెళ్లాడు. నాకందులో బాధేమీ లేదు, చెప్పొద్దూ.

మీరు ఎవరో పంపారన్నారు చూడండి, "కొత్త శతాబ్దంలోకి రాగానే ఒక్క ఏడాదిలో బాలనేరాలు ఎగబాకాయి" అని. సంఖ్య నిజమే. 2000లో 9 వేల చిల్లర కేసులుంటే 2001లో 16 వేల చిల్లర. కానీ 1986 చట్టంలో మగపిల్లల వయసు హద్దు 16. 2000లో వచ్చిన చట్టం దాన్ని 18 చేసింది, 2001 ఏప్రిల్ నుంచి అమలు. నిన్నటిదాకా పెద్దల ఖాతాలో పడ్డ కుర్రాళ్లు ఇవతలి ఖాతాలోకొచ్చారు. పిల్లలు చెడిపోయారని దాన్నిబట్టి ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఇంకో సంగతి. ఒకే ఎఫ్ఐఆర్‌లో మూడు నేరాలుంటే బ్యూరో లెక్కలో పెద్దదొక్కటే చేరుతుంది. పైగా 2016 సెప్టెంబరు నాటి కేంద్ర నమూనా నియమాల ప్రకారం, ఘోరనేరం కాకపోతే, పెద్దవాళ్లతో కలిసి చెయ్యకపోతే పిల్లల మీద ఎఫ్ఐఆర్ కట్టకూడదు. స్టేషన్ డైరీలో రాసి, ఇంటి పరిస్థితుల మీద నివేదిక ఇవ్వాలి. కాబట్టి ఈ సంఖ్య చెప్పేది పోలీసుల పుస్తకంలోకి ఎక్కినవి ఎన్ని అనే. వీధిలో జరిగినవి ఎన్ని అని కాదు.

ఆరోగ్య ఖర్చు గురించి నాకు తెలిసింది తక్కువ, అనుభవించింది ఎక్కువ. జాతీయ ఆరోగ్య పద్దుల ప్రకారం 2013-14లో ప్రభుత్వ ఖర్చు జీడీపీలో 1.15 శాతం, 2021-22కి 1.84 శాతం. జనం జేబు నుంచి పెట్టేది మొత్తం ఆరోగ్య ఖర్చులో 64 శాతం నుంచి 39 శాతానికి దిగిందట. పెరుగుదల అబద్ధం కాదు, కాకపోతే 2021-22 కోవిడ్ టీకాల ఏడాది. 2017 ఆరోగ్య విధానం 2025 నాటికి చేరాలని పెట్టుకున్న గురి 2.5 శాతం.

సరిగ్గా ఆ ఏడాదే, 2021 నవంబరులో, మా బావగారికి గుండెకి స్టెంటు వేయించాం. ఆరోగ్యశ్రీలో, బెజవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రి. ఆపరేషన్‌కి పైసా తీసుకోలేదు. ఆ డబ్బు ప్రభుత్వ ఖర్చు కింద వచ్చే ఉంటుంది. కార్డు ఎక్కించకముందు "ముందు పరీక్షలు చేయించండి" అని కట్టించుకున్నది, వచ్చాక నెలనెలా మందులు, అవి జేబు ఖర్చు. అక్క, నేను తొమ్మిది రోజులు ఆసుపత్రి ఎదురుగా లాడ్జిలో ఉండి తిన్న ఇడ్లీలు, కోతల టైములో కూలీలు పెట్టి వరి కోయించిన ఖర్చు? అవి ఏ పద్దులోకీ రావు. తోడున్నవాళ్ల తిండి, బస, పోయిన పని ఆ జేబు ఖర్చులో కలపరు. ఇంకో మాట, 39 శాతం అనేది ఏటా ఇంటింటికీ వెళ్లి అడిగి తేల్చింది కాదు. 2017-18లో చేసిన జాతీయ నమూనా సర్వే (కొన్ని ఇళ్లనే ఎంచుకుని అడిగేది) 75వ విడతని ఆధారం చేసుకుని తర్వాతి ఏళ్లకి లెక్కగట్టింది. అందుకే 64 నుంచి 39కి దిగిందంటే, దిగిందని ఒప్పుకుంటాను గానీ ఆ దశాంశాలకి దండం పెట్టను.

వచ్చే జనగణనకి రిఫరెన్స్ తేదీ, అంటే ఏ రోజు నాటి జనాన్ని లెక్కలోకి తీసుకుంటారో ఆ రోజు, 2027 మార్చి 1. ఈసారి మొబైల్ యాప్‌లో రాసుకుంటారట. నా రికార్డుల్లో పుట్టినతేదీ 1957 జూలై 1, రిటైరైందీ దాన్నిబట్టే. మా అమ్మ చెప్పింది మాత్రం అంతకు ముందటి ఏడాది కార్తీక పౌర్ణమి. రికార్డు ప్రకారమైతే ఆ రోజుకి నాకు 69. అమ్మ మాట ప్రకారం 70. నిజం చెబితే ఆ వచ్చిన పంతులమ్మ, ఈయనా గుండుసున్నా బాపతే అనుకుంటుంది.