అమెరికాలో అసాల్ట్ ఆయుధాలపై (సైనిక తుపాకుల పోలికలున్న సెమీ ఆటోమేటిక్ తుపాకులపై) దేశవ్యాప్త నిషేధం ఇప్పుడు ఉందా?

లేదు, 1994లో తెచ్చిన నిషేధానికి పదేళ్ల గడువే పెట్టారు, 2004 సెప్టెంబరులో అది తీరిపోయాక కాంగ్రెస్ పొడిగించలేదు. కొన్ని రాష్ట్రాల్లో మాత్రం సొంత నిషేధాలున్నాయి.

అప్పటి చట్టానికి కూడా పెద్ద కంతలే ఉండేవి. అప్పటికే జనం చేతుల్లో ఉన్న తుపాకులను అది ముట్టుకోలేదు. భుజానికి ఆనించే వెనక భాగం మడిచే వీలు, పిస్తోలు పిడి, బాయొనెట్ బిగించే కొక్కెం వంటి హంగులను బట్టి నిషేధించడంతో, కంపెనీలు ఒకటి రెండు హంగులు తీసేసి దాదాపు అదే తుపాకీని అమ్ముకున్నాయి. అసలు పనికొచ్చే నిబంధన పదికి మించి తూటాలు పట్టే కొత్త మ్యాగజైన్ల (తుపాకీకి తూటాలు అందించే పెట్టెల) అమ్మకాన్ని ఆపడం.

అది ఎందుకు ముఖ్యమో 2012 డిసెంబరు 14న కనెక్టికట్‌లోని శాండీ హుక్ పాఠశాల చూపింది. ముప్పై తూటాల మ్యాగజైన్లతో దుండగుడు అయిదు నిమిషాల లోపే 150కి పైగా తూటాలు కాల్చాడు. ఆరేడేళ్ల పసివాళ్లు ఇరవై మంది, పెద్దలు ఆరుగురు ఆ కాల్పులకు బలయ్యారు. మ్యాగజైన్ మార్చడానికి పట్టే ఆ కొద్ది క్షణాలే పారిపోయేవాళ్లకు దొరికే వ్యవధి.

చాలామంది అసాల్ట్ ఆయుధాలంటే మెషిన్ గన్లని పొరబడతారు. కావు, ఇవి సెమీ ఆటోమేటిక్, ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్క తూటాయే వెలువడుతుంది. కొత్త మెషిన్ గన్లను పౌరులకు అమ్మడం 1986 నుంచే నిషిద్ధం. ఈ నిషేధంతో తుపాకీ మరణాలన్నీ ఆగుతాయనుకోవడమూ సరికాదు: వాటిలో సగానికి పైగా ఆత్మహత్యలు, హత్యల్లో ఎక్కువగా వాడేది పిస్తోళ్లు. సామూహిక కాల్పుల్లో ప్రాణనష్టం తగ్గించడానికే ఈ నిషేధం మళ్లీ కావాలి.