పత్రం రూపు మారినప్పుడు – పెదనాన్న ఉత్తరం

చి. అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. మూడు నెలలు కూర్చుని మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో తయారుచేసిన నివేదికను తెరిచేసరికి శీర్షికలన్నీ నీలి రంగుకు తిరిగాయనీ, పేరాల మధ్య ఎడం పెరిగి 62 పేజీలున్నది 71 పేజీలకు పాకిందనీ, నీవు మాత్రం దేన్నీ ముట్టుకోలేదనీ రాశావు. ముట్టుకోలేదన్న మాట నమ్ముతున్నాను. ఇతరుల రాతప్రతులను అచ్చుకు సిద్ధం చేసే పనిలో ముప్పై ఏళ్లు గడిపినవాణ్ణి కనుక, ముట్టుకోకుండానే పత్రాలు ఎలా మారతాయో కొంత తెలుసు.

ముందుగా ఒక జాగ్రత్త. మారిన పేజీలను చూసి కంగారుపడి, ఒక్కొక్క శీర్షికకూ చేత్తో రంగు మార్చుకుంటూ పోవద్దు. మార్పు నీ కళ్ల ముందే జరిగి ఉంటే కంట్రోల్, జెడ్ మీటలు నొక్కి వెనక్కి వెళ్లవచ్చు. తెరిచేటప్పటికే జరిగిపోయి ఉంటే, ఆ ఫైలును అలాగే ఉంచి, వేరే పేరుతో నకలు తీసుకుని ఆ నకలు మీదనే చికిత్స చెయ్యాలి. చెడిపోయిన ఫైలు కూడా సాక్ష్యమే. దాన్ని దిద్దేస్తే ఏం జరిగిందో కనిపెట్టే దారి మూసుకుపోతుంది.

ఇక అసలు సంగతి. పత్రంలో మనకు కనిపించే అక్షరం ఒక చోట ఉంటుంది, దాని రూపం మరొక చోట ఉంటుంది. వర్డ్‌లో పేరా అమరిక అంతా, అంటే ఎడం, ఇండెంట్ (అంచు నుంచి లోపలికి జరపడం), వరుసల మధ్య దూరం వంటివన్నీ, ఆ పేరా చివరన ఎంటర్ నొక్కినప్పుడు పడే గుర్తులో దాగి ఉంటాయి. మామూలుగా ఆ గుర్తు కంటికి కనబడదు. కంట్రోల్, షిఫ్ట్, 8 మీటలు కలిపి నొక్కితే కనబడుతుంది. పనిచేసినంతసేపూ ఆ గుర్తులను తెర మీద ఉంచుకోవడం అలవాటు చేసుకో. మొదటి రెండు రోజులూ కంట్లో నలుసులా ఉంటాయి, ఆ తరువాత అవి లేకపోతేనే తోచదు. పాత రోజుల్లో వర్డ్‌పర్ఫెక్ట్ అనే మరో రాత ప్రోగ్రాములో రివీల్ కోడ్స్ అని ఒక సదుపాయం ఉండేది, బోల్డ్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో కోడ్లతో సహా చూపించేది. దానికి అలవాటుపడిన నాకు వర్డ్‌కు మారినప్పుడు చీకట్లో నడుస్తున్నట్టే అనిపించింది. షిఫ్ట్, ఎఫ్1 నొక్కితే పక్కన తెరుచుకునే పట్టీ కొంతవరకు ఆ లోటు తీరుస్తుంది: కర్సర్ ఉన్న చోట అక్షరానికీ, పేరాకూ, సెక్షన్‌కూ (పత్రంలో ఒకే పేజీ అమరిక ఉన్న భాగానికీ) ఏయే అమరికలు ఉన్నాయో అందులో విడివిడిగా కనిపిస్తాయి.

పేరా గుర్తును పొరపాటున చెరిపేస్తే రెండు పేరాలు కలిసిపోయి, ఒకటి తన రూపాన్ని వదులుకుని రెండవదాని రూపం తొడుక్కుంటుంది. రెండు సెక్షన్లను విడదీసే గుర్తును, అంటే సెక్షన్ బ్రేక్‌ను, చెరిపితే నష్టం ఇంకా పెద్దది. మార్జిన్లు, పేజీ అడ్డమా నిలువా అన్నది, హెడర్, ఫుటర్, పేజీ సంఖ్యల వరుస, ఇవన్నీ సెక్షన్‌కు చెందినవి. తనకు ముందున్న భాగపు అమరికను ఆ బ్రేక్ మోస్తుంది. దాన్ని తీసేస్తే పై భాగం కింది భాగంలో కలిసి దాని అమరికకు మారుతుంది. నేను ఒకసారి, మరునాడు ఉదయం అప్పగించవలసిన పత్రంలో, ఖాళీ పేజీ ఒకటి అనవసరంగా ఉందనుకుని ఒకే ఒక్క డిలీట్ నొక్కాను. పట్టికల కోసం అడ్డంగా పెట్టిన పేజీల అమరిక వెనక్కి పాకి, ముందున్న నలభై పేజీలనూ అడ్డంగా పడుకోబెట్టింది. నేను అది గమనించకుండా ఫైలు సేవ్ చేసి, మూసి, భోజనానికి లేచాను. ఆ రాత్రి నిద్ర లేదని వేరే చెప్పాలా? అప్పటి నుంచి కనిపించని గుర్తులను చూడకుండా దేన్నీ చెరపలేదు.

ఇప్పుడు నీ సమస్యకు వస్తాను. ఈ మధ్య వేరే కంప్యూటరులో పనిచేస్తున్నానని నీ ఉత్తరం చివర ఒక వాక్యం రాసి వదిలేశావు. దొంగ అక్కడే దాక్కున్నాడని నా అనుమానం. ప్రతి పత్రం వెనుకా ఒక టెంప్లేట్, అంటే మూసలాంటి ఫైలు, ఉంటుంది, ఏదీ ప్రత్యేకంగా ఎంచుకోకపోతే అది నార్మల్ అనే టెంప్లేట్. అది పత్రంతోపాటు ప్రయాణం చెయ్యదు, ఏ కంప్యూటరుది ఆ కంప్యూటరులోనే ఉంటుంది. పత్రం తన స్టైళ్లను, అంటే శీర్షికకో పేరాకో వేసే, పేరు పెట్టిన అమరికల కట్టలను, తనలోనే దాచుకుంటుంది కనుక మామూలుగా దీనివల్ల ప్రమాదం లేదు. అయితే టెంప్లేట్స్ అండ్ యాడ్-ఇన్స్ పెట్టెలో, డాక్యుమెంట్ స్టైళ్లను తనంతట తానే అప్‌డేట్ చెయ్యమనే గడి ఒకటి ఉంది. అందులో టిక్ పడి ఉంటే, ఫైలు తెరిచిన ప్రతిసారీ ఆ కంప్యూటరు తన నార్మల్‌లోని స్టైళ్లను నీ పత్రం మీద రుద్దుతుంది. నీలి శీర్షికలు, పేరా తరువాత అదనపు ఎడం, ఈ రెండూ కొత్త వర్డ్‌లో ఎవరూ మార్చని నార్మల్‌కు ఉండే లక్షణాలే. డెవలపర్ ట్యాబ్‌లో డాక్యుమెంట్ టెంప్లేట్ నొక్కితే ఆ పెట్టె తెరుచుకుంటుంది. టిక్ తీసెయ్యి. ఆ తరువాత అదే పెట్టెలోని ఆర్గనైజర్ ద్వారా నీ పాత బ్యాకప్ ఫైలు నుంచి శీర్షికల స్టైళ్లనూ, మామూలు పేరాలకు ఉండే నార్మల్ అనే స్టైల్‌నూ (టెంప్లేట్ పేరూ ఇదే, కానీ రెండూ వేరు) ఇందులోకి తెచ్చుకోవచ్చు.

అక్కడ టిక్ లేకపోతే స్టైల్‌నే అనుమానించాలి. స్టైల్‌ను మార్చే మోడిఫై పెట్టెలో కూడా ఆటోమేటికల్లీ అప్‌డేట్ అనే గడి విడిగా ఒకటి ఉంది. అది ఆన్‌లో ఉంటే, ఒక్క శీర్షికను ముచ్చటపడి మధ్యకు జరిపినా, ఆ స్టైల్‌లో ఉన్న శీర్షికలన్నీ మధ్యకు జరుగుతాయి. చాలా స్టైళ్లు నార్మల్ స్టైల్ మీద ఆధారపడి ఉండడం ఇంకో చిక్కు: నార్మల్ ఫాంటు మారిస్తే పట్టికలూ, పాదసూచికలూ కూడా కదలవచ్చు. అందుకే మామూలు పేరాలకు బాడీ టెక్స్ట్ వంటి వేరే స్టైల్ వాడి, నార్మల్ జోలికి పోకుండా ఉండేవాణ్ణి.

నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టిన విచిత్రం ఒకటి చెబుతాను. ఒక పేరాలో కొన్ని మాటలకు చేత్తో ఇటాలిక్ పెట్టి, ఆ పేరాకు కొత్తగా స్టైల్ వేస్తే, ఒక్కొక్కసారి ఇటాలిక్ నిలుస్తుంది, ఒక్కొక్కసారి ఎగిరిపోతుంది. పేరాలో సగానికి మించి ఇటాలిక్ ఉంటే, అది పేరా మొత్తానికి చెందినదని భావించి వర్డ్ తీసేస్తుంది. సగం కన్నా తక్కువైతే రచయిత కావాలని పెట్టుకున్నాడని ఉంచేస్తుంది. ఈ నియమం తెలియక ఎంతమంది రచయితల ఇటాలిక్ మాటలను నేను పోగొట్టానో! అక్షరాల ప్రత్యేకత నిలవాలంటే దానికి కూడా ఒక క్యారెక్టర్ స్టైల్ (పేరాకు కాక అక్షరాలకు వేసే స్టైల్) వాడాలి.

బయటి నుంచి తెచ్చి అతికించే పాఠం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. పేస్ట్ చేసిన వెంటనే కనిపించే చిన్న గుర్తును నొక్కి, పాఠం మాత్రమే ఉంచే ఎంపిక తీసుకో. లేకపోతే పరాయి స్టైళ్లు నీ పత్రంలో కాపురం పెడతాయి. మూడు గీతలు కొట్టి ఎంటర్ నొక్కగానే పేజీ అడ్డంగా గీత పడడం, అంకె వేయగానే జాబితా మొదలవడం ఆటోఫార్మాట్ పనులు, అంటే వర్డ్ తనంతట తానే చేసే మార్పులు. అప్పటికప్పుడు కంట్రోల్, జెడ్ నొక్కితే నీవు టైపు చేసినది అలాగే ఉండి, ఆ మార్పు మాత్రమే పోతుంది.

తెలుగులో రాస్తావు కనుక ఇదొకటి గుర్తుంచుకో. వర్డ్ మన లిపిని కాంప్లెక్స్ స్క్రిప్ట్‌గా, అంటే అక్షరాలు కలిసి రూపు మార్చుకునే లిపిగా, లెక్కిస్తుంది, ఇంగ్లీషు అక్షరాల ఫాంటు వేరు, మన అక్షరాల ఫాంటు వేరు, సైజు కూడా వేరు. అందువల్ల స్టైల్‌లో ఇంగ్లీషు భాగానికి ఫాంటు మార్చి తెలుగు మారలేదని విసుక్కోవడం మామూలే. ఫాంటు పెట్టెలో రెండు భాగాలనూ చూడు. ఎంచుకున్న ఫాంటు అవతలి కంప్యూటరులో లేకపోతే దాని స్థానంలో మరొకటి వచ్చి వరుసలు, పేజీలు అన్నీ జరుగుతాయి. సేవ్ ఎంపికల్లో ఫాంట్లను ఫైలులో పొదిగే సదుపాయం ఉంది, ఫాంటు లైసెన్సు ఒప్పుకుంటే అది పనిచేస్తుంది. ప్రింటరు మారినా పేజీల విరుపు కొద్దిగా జరగవచ్చు.

ఇవన్నీ చూసినా పత్రం మాట వినకపోతే, చేత్తో పెట్టిన అమరికలను తుడిచి చూడు: పేరాను ఎంచుకుని కంట్రోల్, క్యూ నొక్కితే పేరా అమరికలు స్టైల్‌కు తిరిగివస్తాయి, కంట్రోల్, స్పేస్ నొక్కితే అక్షరాలవి. ఫైలే లోపల చెడిందనిపిస్తే, చిట్టచివరి పేరా గుర్తును మాత్రం వదిలేసి మిగిలినదంతా కాపీ చేసి కొత్త ఫైలులో పేస్ట్ చెయ్యి. చివరి సెక్షన్ అమరికలు ఆ ఆఖరి గుర్తుతోనే ముడిపడి ఉంటాయి, తరచు చెడు కూడా అక్కడే పేరుకుని ఉంటుంది. కొత్త ఫైలులో మార్జిన్లు, ఫుటర్ మళ్లీ పెట్టుకోవలసివస్తుంది, కానీ అది పది నిమిషాల పని.

ముందు ఆ టిక్ సంగతి చూసి, ఫలితం ఎలా ఉందో రాయి. అప్పటికీ శీర్షికలు నీలంగానే ఉంటే చెడిన ఫైలు, పాత బ్యాకప్ రెండూ నాకు పంపు. వాటితోపాటు నీకు కావలసిన రూపంలో ఉన్న ఒక పీడీఎఫ్ కూడా పంపితే, ఏది ఎక్కడ కదిలిందో పక్కపక్కన పెట్టి చూస్తాను.

ఇట్లు,
నీ పెదనాన్న