చూడగానే ‘ఎన్ని’ అని చెప్పేలా పిల్లలకు ఇంట్లో ఏ ఆటలు ఆడించాలి?

మీ పాప రెండో తరగతిలో ఉంది, పళ్లెంలో ఏడు గింజలున్నా ఒక్కోదాని మీద వేలు పెట్టి లెక్కిస్తోంది అన్నారు. నాలుగు దాకా చూపుతో తెలిసిపోతుంది. ఐదు నుంచి గుంపులుగా చూడటం రావాలి. ఇరవై దాటితే అంచనా. మూడూ వేరువేరు పనులు, ఒకే ఆటతో రావు.

నాలుగన్న హద్దు ఎప్పుడో తేలిందే. 1871లో జెవొన్స్ అనే ఇంగ్లండు ఆర్థికశాస్త్రవేత్త పెట్టెలోకి నల్లని గింజలు విసిరి, అవి ఆగీ ఆగగానే ఎన్నో చెప్పి, తర్వాత లెక్కపెట్టి సరిచూసుకున్నాడు. అలా వెయ్యిసార్లకు పైనే చేశాడు. నాలుగు దాకా తప్పు రాలేదు, ఐదు దగ్గర మొదలైంది. మన అష్టాచమ్మాలోనూ గవ్వలు నాలుగే కదా! అందుకే మొదటి మెట్టుకు ఆ ఆట చాలు. గవ్వలు లేకపోతే ఒకవైపు తెల్లగా అరగదీసిన చింతగింజలు వాడండి. గవ్వ మీద వేలు పెడితే ఆ పందెం పోయినట్టే అని ముందే చెప్పండి.

అసలు శ్రమంతా ఐదు నుంచి పది మధ్యనే. ముప్పై గుడ్ల అట్ట ఒకటి తెచ్చి, వరసకు ఐదు గుంటలుండేలా రెండేసి వరసలు కత్తిరిస్తే పది గుంటల ముక్కలు మూడొస్తాయి. ఒక ముక్కలో పై వరస నింపి, కింది వరసలో రెండు గింజలు వేసి పుస్తకం అడ్డం పెట్టండి. పుస్తకం తీసి, ‘ఒకటి, రెండు’ అనుకునేంతలో మళ్లీ మూసేయండి. ‘ఏడు’ అంటే సరిపోదు, ‘ఎట్లా తెలిసింది?’ అని అడగాలి. ‘ఐదూ రెండూ’ అనో, ‘పదికి మూడు తక్కువ’ అనో రావాలి. పెదవులు కదిలితే లోపల లెక్కపెడుతున్నట్టే, చూపించే సమయం ఇంకా తగ్గించండి.

అట్టలో బాగా వచ్చాక గింజలు విడిగా గుడ్డ మీద చల్లండి. చాలామంది ఈ మెట్టు వదిలేస్తారు. అప్పుడు పిల్లలకు పాచికల మీది ఐదు చుక్కల బొమ్మ గుర్తుంటుంది గానీ అవే ఐదు వరసగా పెడితే తడబడతారు. ఎనిమిది గింజల్ని ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరదూరంగా వేసి చూపించండి. దూరంగా ఉన్నవాటిని ఎక్కువ అంటే ఆమె చూసేది సంఖ్యను కాదు, అవి పరుచుకున్న మేరను. చింతగింజల్లో నాలుగు శనగలు కలిపితే ఆ అలవాటు వదులుతుంది. స్టీలు పళ్లెం వద్దు, గింజల నీడలు మెరిసి రెట్టింపు కనిపిస్తాయి. తెల్ల తుండుగుడ్డ మేలు. ఇంట్లో చంటిపిల్లలుంటే ఆడగానే గింజలు డబ్బాలో వేసెయ్యండి, ముక్కులో పెట్టుకుంటారు.

వామనగుంటలు కూడా ఈ మెట్టుకే. గుంటలోవి చేతికి తీయకముందే చివరి గింజ ఎక్కడ పడుతుందో చెప్పాలి, తప్పితే ఆట ఎదుటివాళ్లది. గుంటకు ఎన్నేసి వేసి మొదలుపెట్టాలన్నది ఒక్కో ఊళ్లో ఒక్కో లెక్క, అది పట్టింపు లేదు.

ఇరవై దాటాక గుప్పెడు శనగలు చల్లి, పక్కనే లెక్కపెట్టిన పది శనగల కుప్ప కొలతగా ఉంచండి. మొదట అంచనా కాగితం మీద రాయాలి, ఆ తర్వాతే పదులుగా విడదీసి లెక్కపెట్టాలి. రాయకపోతే జవాబు చూశాక ‘నేనూ అదే అనుకున్నా’ అంటారు, నేర్చుకునేది ఉండదు. సంఖ్య పెరిగేకొద్దీ చాలామంది తక్కువే చెబుతారు. ఎనభైని యాభై అంటే కంగారు పడకండి. ఒకసారి లెక్కపెట్టిన యాభై చూపిస్తే తర్వాతి అంచనాలు వాటంతటవే పైకి జరుగుతాయి. నలభైకి 34 నుంచి 46 మధ్య వస్తే నా దృష్టిలో బాగా వచ్చినట్టే. పులికాట్‌లో పక్షుల్ని లెక్కించేవాళ్ల పద్ధతీ ఇదే. గుంపులో పదో, వందో పక్షులున్న ముక్కను కంటితో పట్టుకుని, అలాంటివి ఎన్ని పడతాయో చూస్తారు.

రోజుకు పది నిమిషాలు చాలు. దీనితో లెక్కల్లో మార్కులు పెరుగుతాయని మాత్రం నేను చెప్పను. కూడికలో వేళ్లు వదలడానికి ఐదు, పది గుంపులు పనికొస్తాయి, అంతవరకే. ఫోన్ యాప్‌లు వాడాలనుకుంటే, జవాబు చెప్పాక చుక్కల్ని మళ్లీ చూపించేది ఎంచుకోండి. ఒప్పో తప్పో చెప్పి ఊరుకునేవి దండగ.